మొదటి కొండచిలువగా బాల్ పైథాన్: కొనబోయేవారికి పూర్తి రివ్యూ

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్లో కుక్కపిల్ల బదులు పాముపిల్ల కావాలని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఈ మాట వింటే నాగేంద్రుడికి మొక్కుకుంటుంది గానీ, అమెరికాలో పెట్ షాపుకి వెళ్తే చేపల తొట్ల పక్కనే చిన్న కొండచిలువలు అమ్మకానికి ఉంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది బాల్ పైథాన్. బ్రిటన్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటారు. మొదటిసారి పెంచేవాళ్లకి ఇదే మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాట చాలావరకు నిజమే. అయితే అది ఏ పిల్లని ఎంచుకున్నారన్న దానిమీద, ఆ పిల్ల ఇంటికి రాకముందే తొట్టి ఎంత సిద్ధంగా ఉందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఆరు నెలలు దాటి, 250 నుంచి 400 గ్రాముల బరువుండి, ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిన ఎలుకని వరుసగా కనీసం ఐదారుసార్లు తిన్నట్టు తేదీలతో లెక్క రాసి ఉన్న మగపిల్లని తీసుకోండి. రంగు మామూలుదైనా పర్వాలేదు. అలాంటిది దొరికితే తొలి పాముగా దీనికి మించింది తక్కువ. గుడ్డులోంచి వచ్చి మూడు వారాలైనా కాని, 60 గ్రాముల పిల్లని రంగు చూసి మురిసిపోయి తెచ్చుకుంటే మాత్రం, అది తిండి మానేసిన రోజు నుంచి ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకుండదు.

అసలు ఇదెలాంటి పాము

దీని సొంతగడ్డ పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో పగలంతా ఎలుకల బొరియల్లోనూ పాడుబడ్డ చెదపుట్టల్లోనూ దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. పుట్టలో పాము ఉంటుందన్నది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దీని పెంపకం కిటుకంతా ఆ పుట్టలోనే ఉంది: ఇరుకు, చీకటి, వెచ్చదనం, కాస్త తేమ. ఈ నాలుగూ ఇస్తే చాలు, ఇంకేమీ కోరదు. బెనిన్‌లోని వీదా పట్టణంలో పైథాన్ల గుడి ఉంది. అక్కడ ఈ జాతి పాముల్నే పవిత్రంగా చూసుకుంటారు, వచ్చినవాళ్లు మెడలో వేసుకుంటారు. అంత నెమ్మదైన జీవి. భయమేస్తే కాటు వేయడం కన్నా తలని చుట్టల మధ్య దాచుకుని బంతిలా ముడుచుకుపోవడమే దీని అలవాటు. పేరులో బాల్ అందుకే వచ్చింది.

విషం లేదు. మగది మూడు, మూడున్నర అడుగులు పెరిగి, కిలో నుంచి కిలోన్నర తూగుతుంది. ఆడది నాలుగైదు అడుగులు, రెండు కిలోల దాకా వెళ్తుంది. పెద్దదైనా ఒక్క మనిషి రెండు చేతుల్లో హాయిగా ఇమిడిపోతుంది. ఆయుష్షు మాత్రం బాగా ఆలోచించాల్సిన విషయం. జాగ్రత్తగా పెంచితే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన ఆడ బాల్ పైథాన్ 2020 జులైలో ఏడు గుడ్లు పెట్టింది. పన్నెండేళ్ల పిల్లాడికి కొనిస్తున్నారంటే, వాడు కాలేజీకెళ్లాక ఆ పాము అమ్మానాన్నలదే అవుతుందని ముందే ఒప్పుకుని కొనండి.

మిగతా కొండచిలువలతో పోలిక

దీనికి గట్టి పోటీ ఇచ్చేది ఆస్ట్రేలియా జాతి స్పాటెడ్ పైథాన్. మూడు నాలుగు అడుగులే పెరుగుతుంది, చురుగ్గా తిరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా తిండికి మారాం చేయదు. చిన్నప్పుడు కాస్త చిరుకాట్లు వేస్తుంది, అవి గుండుసూది గుచ్చుకున్నట్టుంటాయి. పాము రెండు నెలలు తినకపోతే తట్టుకోలేని మనసున్నవాళ్లకి మేము బాల్ పైథాన్ కన్నా దీన్నే చెబుతాం. చిల్డ్రెన్స్ పైథాన్ కూడా దీని దగ్గరి చుట్టమే. ఆ పేరు చూసి పిల్లల కోసమని అనుకోకండి, జాన్ జార్జ్ చిల్డ్రెన్ అనే శాస్త్రవేత్త పేరది. ఈ రెండు జాతుల పిల్లలూ పెన్సిల్ అంత సన్నగా పుడతాయి. కొన్ని మొదట్లో బల్లుల్ని తప్ప ఎలుకని ముట్టవు. కాబట్టి ఎలుకకి అలవాటు పడ్డవాటినే తీసుకోవాలి.

కార్పెట్ పైథాన్ అందంగా ఉంటుంది, బాగా తింటుంది. కానీ ఆరేడు అడుగులు పెరుగుతుంది, పిల్లప్పుడు దూకుడెక్కువ. రెండో పాముగా అయితే సరే. బ్లడ్ పైథాన్ పొడవు చూసి మోసపోవద్దు, ఐదడుగులే ఉన్నా మనిషి తొడంత లావెక్కుతుంది. ఇక బర్మీస్, రెటిక్యులేటెడ్ అనే భారీ జాతుల జోలికి మొదటిసారి పెంచేవాళ్లు పోనే కూడదు. వదిలేసిన, తప్పించుకున్న బర్మీస్ పైథాన్లు ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్ని ఎలా పాడుచేశాయో లోకమంతా చూసింది. 2012లో బర్మీస్‌నీ, 2015లో రెటిక్యులేటెడ్‌నీ అమెరికా కేంద్ర ప్రభుత్వం హానికర జాతుల జాబితాలో చేర్చింది.

ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ పోలికతో పనిలేదు. అక్కడ విదేశీ పాముల్ని పెంచనివ్వరు కాబట్టి బాల్ పైథాన్ ప్రశ్నే రాదు. మీ రాష్ట్రం లైసెన్సు తీసుకుని స్పాటెడ్, చిల్డ్రెన్స్, స్టిమ్సన్స్ పైథాన్లలో ఒకటి చూసుకోవడమే.

రంగు మాయ

బాల్ పైథాన్‌లో రంగుల రకాల్ని మార్ఫ్‌లు అంటారు. మామూలు గోధుమ, నలుపు మచ్చలది యాభై, అరవై డాలర్లకి దొరికితే, పైబాల్డ్, క్లౌన్ లాంటివి కొన్ని వందలు పలుకుతాయి. పెంపకంలో వీటి మధ్య తేడా ఏమీ లేదు, తిండి ఒకటే, వేడి ఒకటే. డబ్బు మిగుల్చుకుని, తొట్టి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మీద పెట్టమని మా సలహా. పాస్టెల్, బనానా లాంటివి అందంగానూ ఉంటాయి, ధర కూడా మరీ చేయి దాటదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. స్పైడర్ అనే మార్ఫ్‌ని కొనకండి. దాన్నిచ్చే జన్యువే నరాల లోపాన్నీ మోసుకొస్తుంది. తల అదుపు తప్పి ఊగుతుంది, మెడ మెలితిరుగుతుంది, ఎరని కొట్టబోయి పక్కకి గురి తప్పుతుంది. లోపలి చెవి నిర్మాణంలోనే తేడా ఉన్నట్టు స్కాన్లలో కనిపించింది. ఒకదానిలో తక్కువ, ఒకదానిలో ఎక్కువ ఉంటుందే తప్ప, ఈ లోపం లేని స్పైడర్ ఉండదు. "ఇది కొంచెమే ఊగుతుంది" అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి, ఒత్తిడిలోనూ వయసుతోనూ ఎక్కువ కావచ్చు. బంబుల్‌బీ లాంటి ముద్దుపేర్లతో అమ్మేవాటిలోనూ స్పైడర్ కలిసి ఉంటుంది కాబట్టి, పేరు కాకుండా అందులో ఏ జన్యువులున్నాయో అడగాలి. షాంపేన్ మార్ఫ్‌లోనూ ఇదే తంటా. సూపర్ సిన్నమన్‌లో బాతుముక్కు లాంటి మూతి, వెన్ను వంకర కనిపిస్తాయి. కారమెల్ ఆల్బినోలోనూ వెన్ను వంకర్లు ఎక్కువ.

ఎక్కడ కొనాలి, చేతిలోకి తీసుకుని ఏం చూడాలి

పెద్ద పెట్ షాపుల గొలుసుల్లో సౌకర్యం ఉంది, అక్కడే తొట్టి, దీపం అన్నీ దొరుకుతాయి. కానీ ఆ పిల్ల ఎప్పుడు పుట్టింది, ఎన్నిసార్లు తిన్నది అంటే కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి చాలాసార్లు తెలియదు. సొంతంగా పిల్లలు తీయించే పెంపకందారు దగ్గరైతే ప్రతి పాముకీ ఒక కార్డు ఉంటుంది. మార్ఫ్‌మార్కెట్ అనే ఆన్‌లైన్ అంగట్లో వాళ్ల రేటింగులు, పాముల ఫొటోలు చూసి ఎంచుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ఆర్లింగ్టన్‌లోనూ, షికాగో వాళ్లకి టిన్లీ పార్క్‌లోనూ జరిగే ఎన్‌ఏఆర్‌బీసీ అనే సరీసృపాల ప్రదర్శన మంచి చోటు. ఒకే కప్పు కింద పదుల కొద్దీ పెంపకందార్లు దొరుకుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు చూసి, అడిగి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చినా నష్టం లేదు.

ఆన్‌లైన్‌లో కొంటే అమెరికా తపాలా శాఖ పాముల్ని తీసుకోదు, ఫెడెక్స్‌లో రాత్రికి రాత్రి చేరేలా పంపిస్తారు. ఎండ 38 డిగ్రీల సెల్సియస్ కొడుతున్న రోజున, మంచు కురిసే రోజున పంపొద్దని చెప్పండి. ఇంటి గుమ్మం దగ్గర పెట్టించుకోవడం కన్నా డిపో కౌంటర్‌కెళ్లి తెచ్చుకోవడం మేలు. గుమ్మం ముందు రెండు గంటలు ఎండలో పెట్టె పడుందంటే లోపలి పాము బతికుంటుందన్న నమ్మకం లేదు.

అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది ఇక్కడే పుట్టిందా, ఆఫ్రికా నుంచి వచ్చిందా? ఆఫ్రికాలో గర్భంతో ఉన్న ఆడపాముల్ని పట్టి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని ఎగుమతి చేస్తారు. ధర తక్కువగా ఉంటుంది, కానీ పిడుదులు, కడుపులో పురుగులు, తిండి మానేయడం వెంటే వస్తాయి. ఇక్కడి పెంపకంలో పుట్టిందే కావాలి.

రెండో ప్రశ్న తిండి గురించి. పుట్టిన తేదీ, ఇప్పటి బరువు, చివరి ఐదు భోజనాల తేదీలు, ఎలుకా చుంచా, బతికున్నదా కరిగించినదా, ఎన్నిసార్లు వద్దంది. "బాగా తింటుందండీ" అన్నది జవాబు కాదు. చుంచులు మాత్రమే తిని పెరిగిన పాము పెద్దయ్యాక పూటకి నాలుగైదు చుంచులు కావాలంటుంది, ఎలుకకి మార్చడం నెలల పని. కొన్నైతే ఆఫ్రికన్ సాఫ్ట్‌ఫర్ అనే రకం ఎలుకకే అలవాటు పడి ఉంటాయి, అది అన్ని షాపుల్లోనూ దొరకదు. బతికున్న ఎలుకనే తినేదాన్ని అసలు తీసుకోకండి. పాము ఆ పూట పట్టించుకోకపోతే అదే ఎలుక పాముని కొరికి ఎముకలు బయటపడేదాకా తినేయగలదు.

తర్వాత చేతిలోకి తీసుకోండి. రెండు చేతుల మీదా బరువు సమానంగా పడేలా పట్టుకుని వేళ్ల మధ్య నుంచి జారనివ్వండి. ఆరోగ్యంగా ఉన్నది వేళ్లని గట్టిగా, సమంగా పట్టుకుంటూ సాగుతుంది. తడిగుడ్డలా వేలాడుతుంటే అనుమానించండి. తల దగ్గర నుంచి తోక దాకా వెన్ను మీద బొటనవేలు మెల్లగా నడిపించండి. గంటు, వంపు, మెట్టులా ఏమీ తగలకూడదు. అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే ఒళ్లు మొనలు అరిగిన త్రిభుజంలా ఉండాలి. వెన్నుపూస కత్తిలా పైకి తేలితే తిండి లేక చిక్కింది. గవదకింద గీతలోనూ, కళ్ల చుట్టూ అంచుల్లోనూ ఆవగింజ కన్నా చిన్న నల్లటి చుక్కలు కదులుతున్నాయేమో చూడండి, అవి రక్తం తాగే పేలు. నీళ్ల గిన్నె అడుగున అవి మునిగి చచ్చి కనిపిస్తే ఆ కొట్టులో ఏ పామునీ కొనకండి, పక్క తొట్లకీ పాకే ఉంటాయి. చెవికి దగ్గరగా పెట్టుకుని ఊపిరి వినండి. పిల్లికూతలు, ముక్కు దగ్గర బుడగలు, నోట్లో సాగే చొంగ ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. కడుపు కింద పొలుసులు ఎర్రబడి ఉంటే తడిలో ఉంచారు. విసర్జన ద్వారం చుట్టూ మరకలు లేకుండా శుభ్రంగా ఉండాలి. చివరిగా అరచేతిలో మెల్లగా వెల్లకిలా తిప్పి వదలండి, వెంటనే బోర్లా తిరగాలి. ఆకాశంలోకి చూస్తున్నట్టు తల వెనక్కి వాల్చి ఉండిపోతే నరాల జబ్బు.

ఇదంతా ఐదు నిమిషాల పని. చేతిలోకి ఇవ్వడానికి, చూడనివ్వడానికి ఒప్పుకోని కొట్టు నుంచి కొనకపోవడమే మంచిది.

తొట్టి, వేడి, తేమ

పాముకన్నా తొట్టికే ఖర్చెక్కువ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పీవీసీ తొట్టి పెద్ద పాముకి సరిపోతుంది. కొత్తది మూడు, నాలుగు వందల డాలర్లు. పిల్ల చిన్నదైనా మొదట్నుంచే ఇందులో ఉంచొచ్చు, లోపల ఖాళీ లేకుండా ఆకులు, కొమ్మలు, పాము దాక్కునే గుల్లలు నింపితే చాలు. పెద్ద తొట్టిలో పిల్ల తిండి మానేస్తుందని చెప్పేది తొట్టి పెద్దదవడం వల్ల కాదు, బోసిగా ఉండడం వల్ల.

దాక్కునే గుల్లలు రెండు ఉండాలి, రెండూ ఒకేలాంటివి. ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు. పాము చుట్టుకుంటే పక్కలూ కప్పూ ఒంటికి తగిలేంత ఇరుగ్గా ఉండాలి. ఒక్క గుల్లే పెడితే, భద్రంగా ఉండాలా, ఒంటికి కావాల్సిన వేడిలో ఉండాలా అన్నది తేల్చుకోలేక పాము ఇబ్బంది పడుతుంది. ఎప్పుడూ భద్రతనే ఎంచుకుని, అరగని తిండితో కక్కేస్తుంది.

వెచ్చటి గుల్ల కింద 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, అంటే 88 నుంచి 92 ఫారన్‌హీట్. చల్లటి వైపు 24 నుంచి 27. రాత్రి 22 కన్నా తగ్గకూడదు. వేడికి పైన బిగించే రేడియంట్ ప్యానెల్ గానీ, జాలీ లోపల పెట్టిన సిరామిక్ ఎమిటర్ (వెలుగు లేకుండా వేడినిచ్చే బల్బు) గానీ వాడండి. వేడెక్కే రాళ్లని అమ్ముతారు, వాటిని తాకను కూడా తాకకండి. ఒక్కచోటే కాలిపోయేలా వేడెక్కుతాయి, పాముకి కడుపు కాలుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఏ వేడి పరికరమైనా థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గులో పెట్టకూడదు. నలభై డాలర్ల ఇంక్‌బర్డ్ రకం ఆన్, ఆఫ్ పద్ధతిలో పనిచేస్తుంది. సిరామిక్ ఎమిటర్‌కీ వేడి పరుపుకీ అది చాలు. హెర్ప్‌స్టాట్ లాంటిది కరెంటుని కొద్దికొద్దిగా సర్దుతుంది, వేడి నిలకడగా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే ఆపేస్తుంది. ధర మూడింతలు. మేమైతే రెండోదే కొనమంటాం, ఎందుకంటే ఎక్కువ ప్రమాదాలు జరిగేది ఇక్కడే. థర్మోస్టాట్‌కి ఒక తీగ, దాని చివర వేడిని కనిపెట్టే ప్రోబ్ ఉంటుంది. పాము దాన్ని తోసి చల్లటి వైపు పడేసిందనుకోండి, లేదా నీళ్ల గిన్నె ఒలికి ప్రోబ్ తడిసిందనుకోండి, థర్మోస్టాట్ చల్లగా ఉందనుకుని వేడిని పెంచుకుంటూ పోతుంది. తెల్లారేసరికి పాము కాలిపోతుంది. అందుకే ప్రోబ్‌ని క్లిప్పుతో తొట్టి గోడకి బిగించాలి, టేపుతో కాదు. తొట్టి లోపల ఎక్కడా అంటుకునే టేపు వాడొద్దు. పాము దానికి అంటుకుని పీక్కుంటే చర్మం ఊడి వస్తుంది. ఒకవేళ అంటుకుంటే లాగకండి, వంటనూనె రాసి జిగురు కరిగించి మెల్లగా తీయాలి. థర్మోస్టాట్ చూపించే అంకెని నమ్మి ఊరుకోకుండా విడిగా ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లు చాలావరకు తప్పు చూపిస్తాయి.

తేమ 60 నుంచి 70 శాతం ఉండాలి. కింద పరచడానికి కొబ్బరి డొక్క ముక్కలు బాగుంటాయి. కోనసీమలో పీచు తీసే డొక్కే, ఇక్కడ ఇటుకలా నొక్కి అమ్ముతారు, నీళ్లలో నానేస్తే నాలుగింతలవుతుంది. మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, పైన చల్లకుండా మూలల్లో నీళ్లు పోయండి. అడుగు తడిగా, పైపొర పొడిగా ఉండాలి. పైపొర తడిసి ఉంటే కడుపు పొలుసులు కుళ్లుతాయి. దేవదారు, పైన్ పొట్టు వాడకూడదు, వాటి నూనెలు ఊపిరితిత్తులకి పడవు. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలం హీటర్ తిరుగుతుంటే ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది. అప్పుడు పైన జాలీ ఉన్న గాజు తొట్టిలో తేమ నిలవదు, మూడొంతులు బయటివైపు నుంచి అల్యూమినియం రేకుతో మూసేయాలి.

తేమ సరిగ్గా ఉందో లేదో కుబుసమే చెబుతుంది. కళ్లు నీలంగా పొగచూరినట్టయ్యి, కొన్నాళ్లకి మళ్లీ తేటపడి, ఆ తర్వాత కుబుసం మేజోడు తిరగేసినట్టు ఒక్క ముక్కగా ఊడి రావాలి. ముక్కలు ముక్కలుగా వస్తే గాలి పొడిగా ఉన్నట్టు. వచ్చిన కుబుసంలో రెండు కళ్ల పొరలూ ఉన్నాయో లేదో వెలుతురులో పట్టి చూడండి. లేకపోతే గోటితో పీకకండి, తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగండి, అప్పటికీ పోకపోతే డాక్టర్‌కి చూపించండి.

తిండి, మన ఇళ్లలో వచ్చే చిక్కు

పాము వచ్చిన మొదటి వారం ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. ఏడో రోజు రాత్రి మొదటి ఎలుక. వరుసగా మూడుసార్లు తిన్నాకే చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాలి, అదీ పది నిమిషాలు. తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోకూడదు, కదిలిస్తే కక్కేస్తుంది. కక్కితే రెండు వారాలు కడుపుకి విశ్రాంతి ఇచ్చి, మునుపటి దానిలో సగం సైజు ఎలుకతో మళ్లీ మొదలుపెట్టాలి.

ఎంత పెట్టాలంటే, పాముని తూకం వేసి, 500 గ్రాముల దాకా దాని బరువులో పదో వంతు, వారానికో పదిరోజులకో ఒకసారి. 300 గ్రాముల పాముకి 30 గ్రాముల ఎలుకపిల్ల. కిలోన్నర పెద్దదానికి 75 గ్రాముల చిన్న ఎలుక మూడు, నాలుగు వారాలకొకటి. అంతకన్నా పెడితే కొవ్వు పడుతుంది, ఒళ్లు మడతలు పడుతుంది.

ఎలుకని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. తర్వాత జిప్ కవర్‌లో పెట్టి ఇరవై నిమిషాలు వేడినీళ్లలో ఉంచండి. పొట్ట నొక్కితే లోపల చల్లగా తగలకూడదు, పైన 38 డిగ్రీల దాకా ఉండాలి. మైక్రోవేవ్‌లో పెడితే పగిలిపోతుంది. అడుగు పొడవున్న పటకారుతో తోక దగ్గర పట్టుకుని, దీపాలు తగ్గించి, గుల్ల నోటి ముందు ఆడించండి. పై పెదవి మీద వరుసగా ఉన్న గుంటలతో పాము వేడిని పసిగడుతుంది, అందుకే చల్లారిన ఎలుకని కన్నెత్తి చూడదు. తినకపోతే తెల్లారి పారేయండి, మళ్లీ గడ్డకట్టించొద్దు.

శాకాహార ఇళ్లలో అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. ఇది పాలు తాగదు, గుడ్డు తినదు, పనీరు తినదు. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం మన నమ్మకం, ఈ పాము గిన్నెలో మాత్రం నీళ్లే ఉండాలి. సాసేజ్‌లా చేసి అమ్మే మాంసం ముద్దల్ని బాల్ పైథాన్లు ఎక్కువగా ముట్టవు. ఎలుకల ఊసు పడని ఇల్లయితే పాము ఆలోచన ఇక్కడే ఆపేయడం న్యాయం. పర్వాలేదనుకుంటే వంద డాలర్ల చిన్న ఫ్రీజర్‌ని గరాజ్‌లో విడిగా పెట్టుకోండి. ఎలుకకీ, తొట్టి గిన్నెలకీ వంటగది సింకు వాడొద్దు. ఇది మడి కోసం కాదు, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాముల్ని పెంచొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పేది అందుకే. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఉపవాసం గురించి. బాల్ పైథాన్ చలికాలంలో, ముఖ్యంగా పెద్దయిన మగది, రెండు మూడు నెలలు తిండి మానేయడం మామూలే. ఆరు నెలలు మానేసినవీ ఉన్నాయి. అప్పుడు రోజూ ఎలుక చూపించి విసిగించకండి. వేడి, తేమ, గుల్లల ఇరుకు సరిచూసి, పది పదిహేను రోజులకొకసారి మాత్రమే పెట్టి చూడండి. వారానికోసారి తూకం రాసుకోండి. బరువు పదో వంతు కన్నా ఎక్కువ తగ్గినా, పిల్లికూతలు వినిపించినా సరీసృపాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలు, పిల్లుల డాక్టర్లందరూ పాముల్ని చూడరు, సరీసృపాల డాక్టర్ల సంఘమైన ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో మీ ఊరి దగ్గరున్న డాక్టర్లని వెతుక్కుని, నంబరు పాముకన్నా ముందే సంపాదించుకోండి. వంద గ్రాములైనా లేని పిల్ల నెల రోజులు తినకపోతే మాత్రం ఆగొద్దు. మేము 250 గ్రాముల పైబడ్డదాన్నే కొనమన్నది ఇందుకే.

ఇండియా ప్రయాణాలు, చట్టాలు

వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇండియాకి వెళ్లే కుటుంబాలకి కుక్క కన్నా ఈ పాము తేలిక. ఒంటినిండా బరువున్న పెద్ద పాము ఆ ఆరు వారాలూ తిండి లేకుండా ఉండగలదు. కానీ నీళ్లు మార్చడానికీ, థర్మామీటర్ చూడడానికీ, మలం తీయడానికీ వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు రావాలి. ఏడాదిలోపు పిల్లకైతే ఎలుక పెట్టేవాళ్లు కూడా కావాలి. ప్రయాణానికి వారం ముందు చివరి భోజనం పెట్టి, అరిగించుకుని విసర్జించాక బయల్దేరండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయింది. అలాంటప్పుడు పాముని దిండుగలీబులో వేసి మూతి ముడేసి, థర్మాకోల్ పెట్టెలో, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాల పక్కన ఉంచితే గండం గడుస్తుంది.

హవాయిలో ఏ పామునీ పెంచనివ్వరు. మిగతా చోట్ల రాష్ట్రం ఒప్పుకున్నా నగరం ఒప్పుకోకపోవచ్చు. అపార్ట్‌మెంట్ లీజు, ఇళ్ల సంఘం నియమాలు కూడా చదవండి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి: మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. పొలంలో దొరికిందని పెంచుకుంటే జైలే. ఇంట్లోకి వస్తే అటవీ శాఖకి ఫోన్ చేయాలి. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకి 2024 నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కాగితాలు లేకుండా అమ్మజూపే పాము దొంగ రవాణాలో వచ్చి ఉండొచ్చు. అమెరికా నుంచి శాశ్వతంగా తిరిగొచ్చే ఆలోచన ఉన్న కుటుంబాలు కూడా ఇది గుర్తుంచుకోవాలి. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి కాబట్టి దీన్ని సామాన్లతో పాటు విమానం ఎక్కించలేరు, రెండు దేశాల అనుమతులూ కావాలి. అమెరికాలోనే దాన్ని ఎవరు తీసుకుంటారో, ఆ ఇంట్లో నాలుగడుగుల తొట్టికి చోటుందో లేదో, కొనే రోజునే ఒక మాట అనుకుని ఉంచండి.